సర్కారు నలక

సంజీవమ్మ చేసిన అసలు తప్పు లాగ్‌బుక్కులో రెండు వాక్యాలు రాయడం. బండిని తానే బాగుచేసుకోవడం కూడా తప్పేనని తరవాత తేలింది గానీ, దానికి గుట్టలూ రెండు తుమ్మచెట్లూ తప్ప సాక్షులు లేరు. వాక్యాలు మాత్రం కాగితం మీద ఉన్నాయి.

ఆమె రాళ్లవంక పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటు. వయసు నలభై ఆరు. డాక్టరు గారి కుర్చీ మూడేళ్లుగా ఖాళీగా ఉండటంతో ఆస్పత్రి అంటే ఆమే. ఆమెతోపాటు టీకామందు చల్లగా ఉంచే ఒక మంచుపెట్టె, శాఖవారిచ్చిన ఒక మోటారుసైకిలు. మండలంలోని పదకొండు ఊళ్లలోనూ మనుషుల కన్నా గొర్రెలెక్కువ. తొలకరికి మొలిచిన లేతగడ్డిని ఆబగా మేసిన గొర్రెకు చిటుకు రోగం తగులుతుంది. సాయంత్రం మేసిన జీవం పొద్దున లేవదు. వానలకు ముందే టీకా పడితే ఏ గొడవా లేదు. అందుకని ఏటా మే నెల చివర్లో సంజీవమ్మ మంచుపెట్టెను బండి వెనక కట్టుకుని, వానతో పందెం కాసినట్టు ఊళ్లు తిరుగుతుంది.

ఆ రోజు గొల్లదిన్నె ఎత్తు ఎక్కుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చోక్ లాగి కిక్కు కొడితే లేచింది. చోక్ మూయగానే చచ్చింది. ఆమె బండికి స్టాండు వేసి, మంచుపెట్టెను తుమ్మనీడలో పెట్టి, గడియారం చూసుకుంది. ఆ ఎండకు మంచు మూడు గంటలకు మించి ఆగదు.

రాళ్లవంక బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఖాజా అని ఒక మెకానిక్కు ఉన్నాడు. మాటిమాటికీ ఆమె ఫోను చేస్తే గుట్టలకు పరిగెత్తలేక, అయిదేళ్ల కిందట ఆమెను కూర్చోబెట్టి విద్య నేర్పాడు. "అక్కా, బండి ఆగిందంటే మూడే మూడు అడుగు. పెట్రోలు వస్తాందా, నిప్పు వస్తాందా, గాలి వస్తాందా. నాలుగోది లేదు," అన్నాడు. సంజీవమ్మ ఆ మూడూ అడిగింది. పైపు ఊడదీస్తే పెట్రోలు ధారగా వచ్చింది. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా నిప్పు ఎగిరింది. గాలి ఫిల్టరు దులిపితే దుమ్ము రాలింది గానీ ఊపిరాడనంత దుమ్ము కాదు. ఇక మిగిలింది పెట్రోలూ గాలీ కలిసే చోటు, కార్బొరేటరు.

పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బొరేటరు కింది గిన్నెకున్న నాలుగు స్క్రూలు విప్పి గిన్నె దించింది. అడుగున ఎర్రమట్టి పలచగా పేరుకుని ఉంది. పైన ఫ్లోటు సాఫీగా లేచి దిగుతోంది. పెద్ద జెట్టును ఆకాశానికి పెట్టి చూస్తే అవతలి వెలుతురు కనిపించింది. దాని పక్కనుండే చిన్న ఇత్తడి జెట్టు, బండి నెమ్మదిగా ఆడేటప్పుడు పెట్రోలు అందించేది, దాంట్లోంచి మాత్రం ఏమీ కనిపించలేదు. పర్సులో దాచుకున్న రాగితీగ పోగు ఒకటి తీసి మెల్లగా పొడిచింది. గట్టిగా పొడిస్తే బెజ్జం పెద్దదై జెట్టు జన్మకు పనికిరాదని ఖాజా ముందే భయపెట్టి ఉన్నాడు. తరవాత నోటికి పెట్టుకుని ఊదింది. ఏదో చెంప పక్కనుంచి ఎగిరిపోయింది. మళ్లీ చూస్తే ఆవగింజంత వెలుతురు.

అన్నీ మళ్లీ బిగించి, గాలి స్క్రూను చివరిదాకా తిప్పి, అక్కణ్నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి వదిలింది. బండి మెత్తగా ఆడింది. మొత్తం పని ఇరవై అయిదు నిమిషాలు. మధ్యాహ్నం లోపల గొల్లదిన్నెలో మూడువందల పన్నెండు గొర్రెలకు టీకాలు పడ్డాయి.

సాయంత్రం ఆమె లాగ్‌బుక్కు తెరిచి 'వాహన స్థితి' అన్న గడిలో ఇలా రాసింది: 'జెట్టులో నలక అడ్డుపడింది. తీసేశాను.'

పక్క మండలం ఆస్పత్రిలో ఇలాంటి బండే ఒకటి రెండేళ్లుగా షెడ్డులో ఉంది. టైర్లు నేలకంటుకుపోయాయి. సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. దాని లాగ్‌బుక్కులో ప్రతి నెలా 'స్థితి: సంతృప్తికరం' అని ఉంటుంది. ఆ బండి గురించి పైనుంచి ఎవరూ ఏనాడూ ఏమీ అడగలేదు.

తొమ్మిదో రోజున సంజీవమ్మకు మెమో వచ్చింది.

'మీరు ప్రభుత్వ వాహనము యొక్క కార్బొరేటరు నుండి నలక అనబడు పదార్థమును తొలగించినట్లు మీ స్వహస్తముతో అంగీకరించియున్నారు. సదరు పదార్థమును నేటి వరకు జిల్లా స్టోరుకు జమచేయకపోవుటకు గల కారణములను ఈ మెమో అందిన మూడు దినములలో తెలియజేయవలసినది.'

ఎవరో తమాషా చేశారనుకుని ఆమె సంతకం చూసింది. ఆకుపచ్చ సిరా. తమాషా కాదు.

జిల్లా కేంద్రంలోని స్టోరులో ఆదికేశవులు అనే సూపరింటెండెంటు ఉంటాడు. చెడ్డవాడు కాదు. ఆమెకు కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. ఆ తరవాతే సర్క్యులరు తీశాడు. ఎక్కడో ఏదో ఆఫీసులో పాత టైర్లూ బ్యాటరీలూ మాయమయ్యాయట. అందుకని వాహనం నుంచి తీసిన ప్రతి భాగాన్నీ వారం లోపల స్టోరులో అప్పజెప్పి రసీదు తీసుకోవాలని నియమం పెట్టారు. వాడి తీసేసిన ఇంజనాయిలు 'భాగం' కిందికి రాదు గదా అని ఒక పెద్దాయనకు సందేహం కలిగి, 'భాగమైనను, పదార్థమైనను' అని దిద్దించాడు. నలక భాగం కాదు. కాబట్టి పదార్థం.

"అది గాలికి పోయింది సార్," అంది సంజీవమ్మ.

"పోయిందా, పోగొట్టినావా?"

"ఊదితే పోయింది."

ఆదికేశవులు కలం ఆపి ఆమె వైపు దిగులుగా చూశాడు. ఊదడం ఆమె సొంత నిర్ణయమా, పై అధికారుల అనుమతితో జరిగిందా అని అడిగాడు. సొంత నిర్ణయమేనని ఆమె ఒప్పుకుంది. అయితే అది పోయిన వస్తువుల జాబితాలోకి వస్తుందనీ, పోయిన వస్తువు దొరకలేదని పోలీసుల దగ్గర్నుంచి ఒక కాగితం తెస్తే ఫైలు మూసేయవచ్చనీ ఆయన తన వంతు సాయంగా దారి చెప్పాడు.

పోలీసు స్టేషనులో హెడ్‌కానిస్టేబులు ఏం పోయిందని అడిగాడు. నలక అని చెప్పింది. కంట్లో పడిందా అని అడిగాడు. కార్బొరేటర్లోంచి పోయిందని చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి గుర్తులేమైనా ఉన్నాయా అన్నాడు. తరవాత ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగితే, ఊదింది తానేనని సంజీవమ్మ ఉన్నమాట చెప్పింది. ఆయన ముఖం తేటపడింది. అయితే ఆమె ముద్దాయి అవుతుందనీ, ముద్దాయే ఫిర్యాదు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదనీ వివరించి, మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

కాగితం రాలేదు గనుక విషయం జాయింటు డైరెక్టరు భూపతిరాజు గారి దాకా వెళ్లింది. ఆయన సమగ్రత అనే మాటను ఇష్టపడే మనిషి. విచారణ పూర్తయ్యేవరకు సాక్ష్యాధారాలు చెదరకూడదని ఆదేశించాడు. జిల్లా నుంచి ఇద్దరు వచ్చి, సంజీవమ్మ బండిని షెడ్డులో పెట్టించి, కార్బొరేటరుకు తెల్లగుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. మరి టీకాలెట్లా సార్ అని ఆమె ఫోనులో అడిగింది.

"నిషేధము వాహనముపై మాత్రమేనమ్మా," అన్నాడు భూపతిరాజు. "టీకాలపై ఎట్టి నిషేధమూ లేదు. మీరు నిరభ్యంతరముగా కొనసాగించవచ్చును."

ఆమె కొనసాగించింది. బస్సు పోయినంత దూరం బస్సులో పోయి, ఆపైన మంచుపెట్టెను నెత్తిన పెట్టుకుని నడిచింది. బండి ఉంటే అయిదు ఊళ్లు తిరిగే సమయానికి రెండు ఊళ్లయ్యాయి. రాత్రుళ్లు మెడ పట్టేసేది. అన్నిటికన్నా దూరం మేకలబండ. రోడ్డు నుంచి తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు. నడిచి చేరేసరికి పెట్టెలో మంచు నీళ్లయిపోతుంది, మందు చెడిపోతుంది. చెడిన మందు పొడవడం కన్నా పొడవకపోవడం మేలు. ఆ ఊరి కాపరుల్లో పెద్దవాడు కాటమయ్య ఒకసారి ఆస్పత్రికి వచ్చి, ఎప్పుడొస్తావమ్మా అని అడిగిపోయాడు. బండి ఇస్తూనే మొదట మీ ఊరికేనని ఆమె మాటిచ్చింది.

భూపతిరాజు గారి అధ్యక్షతన ముగ్గురు సభ్యుల సంఘం ఏర్పడింది. సంజీవమ్మను జిల్లా ఆఫీసు వరండాలో ఒక బల్ల మీద కూర్చోబెట్టి, లోపల మొదటి సమావేశం జరిపారు. కిటికీ తెరిచి ఉన్నందున ఆమెకు అంతా వినిపించింది. ముందుగా తేలవలసింది నలక ఎవరిది అన్న సంగతి. అది బండితోపాటే వచ్చి ఉంటే ప్రభుత్వానిదే. పెట్రోలులో వచ్చి ఉంటే, పెట్రోలు ప్రభుత్వం పోయించినది గనుక అప్పుడూ ప్రభుత్వానిదే. అలా కాక గాలిలో ఎగిరివచ్చిన మట్టి అయితే చిక్కు. మట్టి ఖనిజం కిందికి వస్తుందని ఒక సభ్యుడు గుర్తు చేశాడు. గనుల శాఖకు లేఖ వెళ్లింది. నలకను ఏ స్థలం నుంచి ఏ స్థలానికి, ఏ అనుమతితో తరలించారో తెలపాలని గనుల శాఖ నుంచి ఎదురు లేఖ వచ్చింది. రెండు శాఖలు దృష్టి పెట్టిన విషయాన్ని తేలిగ్గా వదలడానికి వీలులేదని సంఘం తీర్మానించింది.

జూన్ మూడో వారంలో గొల్లదిన్నె ఎత్తు మీద షామియానా లేచింది. రెండు జీపుల్లో సంఘం వచ్చింది. సంజీవమ్మను ఆ రోజు నిలబడిన చోటే నిలబెట్టి, ఆ రోజు ఊదినట్టే ఊదమన్నారు. ఎంత గట్టిగా అని అడిగితే, ఎక్కువా తక్కువా కాకుండా అన్నారు. ఆమె ఊదింది. ఒక సభ్యుడు ఆమె నోటి ముందు జేబురుమాలు పట్టుకుని, అది ఎటు కదిలిందో చూసి, దిశ ఈశాన్యమని రాసుకున్నాడు. ఆ వైపు ఇరవై అడుగుల చదరం కొలిచి ముగ్గుపిండితో గీతలు గీశారు. అటుగా పోతున్న గొల్లదిన్నె కాపరి ఒకడు ఆగి, ఇక్కడేం కడతాండారని అడిగాడు. విచారణ అని చెప్పారు. ఎన్నాళ్లకు లేస్తుందో కనుక్కుని, జీవాలను తోలుకుని వెళ్లిపోయాడు.

చదరాన్ని చీపుళ్లతో ఊడ్చి, మూడు రకాల జల్లెళ్లలో జల్లించి, భూతద్దం పెట్టి నలభై ఒక్క నలకలు ఏరారు. ఒక్కొక్కదాన్ని ఒక్కో కవరులో వేసి అంకె వేశారు. పంచనామా మీద సంజీవమ్మ సంతకం చేస్తుంటే, ఎక్కడో దూరాన ఉరుము వినిపించింది. వాన ముందే వచ్చేట్టుంది సార్, మేకలబండ ఇంకా మిగిలింది అని ఆమె చెప్పింది. ఆ అంశం ఈ సంఘం పరిధిలోకి రాదని భూపతిరాజు సౌమ్యంగానే చెప్పాడు.

నలభై ఒకటిలో అసలుదేదో తేల్చడానికి సాంకేతిక నిపుణుడు కావలసివచ్చాడు. ఖాజాకు శ్రీముఖం పోయింది. ఆస్పత్రి ఆవరణలో బల్ల వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సీలు విప్పిన బండిని ముందు నిలబెట్టారు. ఒక్కొక్క నలకనే జెట్టులో పెట్టి చూడాలి. దేంతో బండి ఆగుతుందో అదే పోయిన నలక. భూపతిరాజు చెప్పిందంతా ఖాజా చేతులు కట్టుకుని విన్నాడు.

"సార్, నలక తీసేదానికి పిలుస్తారు నన్ను. పెట్టేదానికి ఎవురూ పిలవలే. ముప్పై ఏండ్ల పనిలో ఇదే మొదలు," అన్నాడు.

"నిపుణులు అభిప్రాయము చెప్పవలెను గాని అనుభవములు కాదు," అన్నాడు భూపతిరాజు.

ఖాజా సంజీవమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. తన రెండు వాక్యాల వల్ల ఒక పనిమంతుడు బాగున్న బండిని చెడగొట్టవలసి వచ్చిందని ఆమెకు సిగ్గేసింది. మెమో అందిననాడు కూడా ఆమెకు అంత సిగ్గనిపించలేదు.

పరీక్ష రెండు రోజులు సాగింది. మొదటి నలక జెట్టులోంచి జారిపోయింది. బండి శుభ్రంగా లేచింది. సభ్యుల ముఖాలు వాడిపోయాయి. రెండోదీ అంతే. మూడోది బెజ్జంలో పట్టనే లేదు. ప్రతిసారీ ఖాజా గిన్నె విప్పడం, జెట్టు తీయడం, పెట్టడం, బిగించడం, కిక్కు కొట్టడం. బండి లేవడం, సభ్యులు నిట్టూర్చడం. రెండో రోజు మధ్యాహ్నానికి విప్పి బిగించీ విప్పి బిగించీ ఆ కార్బొరేటరు పుట్టిన నాటికన్నా శుభ్రంగా తయారైంది. బండి అంత కమ్మగా ఆడటం సంజీవమ్మ ఎన్నడూ వినలేదు. సంఘానికి అది ఎంతమాత్రం నచ్చలేదు.

పదిహేడో నలక అడ్డంగా ఇరుక్కుంది. ఖాజా కిక్కు కొట్టాడు. బండి లేవలేదు. మళ్లీ కొట్టాడు. చోక్ లాగితే లేచి, మూయగానే చచ్చింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి భూపతిరాజు గారి చేయి పట్టుకుని ఊపాడు. మిగిలిన ఇరవై నాలుగు నలకల్నీ నిర్దోషులుగా పరిగణించి అక్కడే వదిలేశారు.

ఆదేశం ఆ సాయంత్రమే టైపయింది.

'వాహనము నలక తొలగించుటకు పూర్వమున్న స్థితికి పునరుద్ధరించబడినది. ఇందుమూలముగా ప్రభుత్వమునకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదని సంఘము సంతృప్తి చెందినది. సదరు ఉద్యోగిని ఇకపై వాహనములోని ఎట్టి పదార్థమునూ ఊదరాదని హెచ్చరించుచూ, వాహనమును తక్షణ వినియోగము నిమిత్తము ఆమెకు అప్పగించడమైనది.'

బండి ముట్టినట్టు ఆమె సంతకం చేసింది. ఇది కదలదు కదా సార్ అంది. కదలకపోవడమే విచారణ సఫలమైందనడానికి రుజువని భూపతిరాజు చెప్పి జీపెక్కాడు. జీపు గేటు దాటుతుండగానే వాన మొదలైంది.

మూడు రోజులు కురిసింది. గుట్టలు పచ్చబడ్డాయి. వాన తెరిపిచ్చాక అయిదో రోజు మధ్యాహ్నం కాటమయ్య ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. భుజం మీది గొంగడి తడిసి బరువుగా ఉంది. మేకలబండ నుంచి నడిచే వచ్చాడు. సంజీవమ్మ మంచినీళ్లిస్తే తాగి, చెంబు పక్కన పెట్టాడు.

"పొద్దున రెండు లేయలేదమ్మా. నేను బయలుదేరేటప్పటికి ఇంకోటి కాళ్లు కొట్టుకుంటాండె," అన్నాడు. "నువ్వొస్తావని దొడ్లోనే పెట్టినాము. ఎన్నాళ్లు పెడతాము. గడ్డి వాసన తగిలినాక అవి ఆగవు గదా."

ఆమెను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

ఆమె లోపలికి పోయి ఆదేశం తీసి చదివింది. మళ్లీ చదివింది. సర్క్యులరు కూడా తీసి పక్కన పెట్టుకుని చదివింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక కాగితాన్ని ఆమె అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. తీయకూడదని ఎక్కడా లేదు. ఊదకూడదని ఉంది. తీసినదాన్ని జమచేయాలని ఉంది. అంతే. ఆమె ఖాజాకు ఫోను చేసింది.

ఖాజా పానాలతో వచ్చాడు. తన డబ్బాలో వెతికి అదే కొలత జెట్టు ఒకటి, కొత్తది, తెచ్చాడు. గిన్నె దించి, నలక ఇరుక్కున్న పాత జెట్టును కదపకుండా, పొడవకుండా, ఊదకుండా, ఉన్నది ఉన్నట్టు విప్పి, దూదిలో చుట్టి ఒక ఇంజక్షను డబ్బాలో పెట్టి ఆమె చేతికిచ్చాడు. కొత్త జెట్టు బిగించాడు. బండి మొదటి కిక్కుకే లేచింది. అతను చేతులు తుడుచుకుంటూ, "పో అక్కా. దీని సంగతి మళ్లీ మాట్లాడుకుందాము," అన్నాడు.

కాటమయ్య వెనక కూర్చుని మంచుపెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. బండెక్కడం అతనికి అలవాటు లేదు. వంక దాటేటప్పుడు ఒక చేత్తో పెట్టెనూ ఇంకో చేత్తో ఆమె భుజాన్నీ పట్టుకుని దేవుణ్ని తలుచుకున్నాడు. పొద్దు వాలకముందే మేకలబండలో నాలుగువందల ఇరవై గొర్రెలకు టీకాలు పడ్డాయి. టీకా పట్టుకోవడానికి పది రోజులైనా పడుతుందని ఆమె ప్రతి గడపకూ చెప్పింది. అందాకా పొద్దున మంచుగడ్డి మీదికి తోలొద్దని, ముందు ఎండుమేత వేసి ఆకలి చంపి ఆ తరవాతే బయటికి వదలమని చెప్పింది. వాళ్లు అలాగే చేశారు. అయినా ఆ పది రోజుల్లో మరో ఆరు పోయాయి. మొత్తం తొమ్మిది. అందులో అయిదు కాటమయ్యవి. మిగిలిన మంద నిలిచింది.

తొమ్మిది గొర్రెల చావు గురించి ఆమె జిల్లాకు పూర్తి నివేదిక రాసి పంపింది. దానికి జవాబు రాలేదు. అందులో జమచేయవలసిన పదార్థమేదీ లేదు.

ఈలోగా, జెట్టు విప్పిన వారం దాటకముందే, ఆమె ఇంజక్షను డబ్బాతో జిల్లా స్టోరుకు వెళ్లింది. ఆదికేశవులు దూది విప్పి, జెట్టును రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. వెలుతురు రాలేదు. ఆయన ముఖం మాత్రం వెలిగింది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత పకడ్బందీగా ఎవరూ ఏ వస్తువునూ అప్పజెప్పలేదన్నాడు. 'నలక - 1, జెట్టు సహితము, మంచి స్థితిలో' అని రసీదు రాసి, రెండుచోట్ల ముద్ర వేసి ఇచ్చాడు. జెట్టును ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం లాగి చూశాడు.

అప్పటికి అయిదు గంటలైంది. ఇద్దరూ కలిసే బయటికి వచ్చారు. సంజీవమ్మ తన బండి దగ్గర చీర కొంగు సర్దుకుంటుంటే, ఆదికేశవులు వేపచెట్టు కింద తన స్కూటరును కిక్కు కొట్టడం మొదలుపెట్టాడు. పదిసార్లు కొట్టాడు. చొక్కా వీపుకంటుకుంది. స్కూటరు లేవలేదు. కింద నేల మీద మాత్రం చేటంత మేర తడిగా ఉంది. పెట్రోలు వాసన ఆమె దాకా వచ్చింది.

ఎన్నాళ్లుగా సార్ ఇట్లా అని అడిగింది. మూడు నెలలుగా అన్నాడు. పొద్దున ఇంటి దగ్గర ఎట్లాగో లేస్తుందట, సాయంత్రం మొండికేస్తుందట.

ఆమె వంగి చూసింది. కార్బొరేటరు అంచు నుంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. "ఫ్లోటు సూది కింద ఏందో ఇరుక్కునింటాది సార్. సూది కూర్చోక పెట్రోలు పొంగిపోతాంది. గిన్నె దించి తుడిస్తే సరి. పది నిమిషాల పని. నేను చేస్తానుండండి," అంది.

పానా కోసం ఆమె తన బండి సీటు కింద చేయి పెట్టేసరికి ఆదికేశవులు గబుక్కున ఆమెకూ స్కూటరుకూ నడుమ వచ్చి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి ఆఫీసు కిటికీల వైపు చూశాడు.

"ఇది మీ సొంత బండి సార్. దీనికి సర్క్యులరు లేదు," అంది సంజీవమ్మ.

"బండి నాదేనమ్మా," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "పొద్దున పదింటి నుంచి అయిదింటి దాకా నిలబడేది సర్కారు జాగాలో. లోపలికి పోయిన దుమ్ము ఎవరిదని చెప్తావు? నాకు రిటైరయ్యేదానికి ఇంకా పద్నాలుగు నెలలుండాది."

 ఆయన స్కూటరును స్టాండు దించి, హ్యాండిలు పట్టుకుని నెట్టుకుంటూ బయలుదేరాడు. ఆఫీసు గేటు దగ్గర కొంచెం ఎత్తు ఉంది. అక్కడ చక్రం ఆగింది. ఆయన భుజం ఆనించి నెట్టాడు. ముందుకు ఒక అడుగు పోతే వెనక్కి అరడుగు జారింది. సంజీవమ్మ తన బండిని వదిలి వెళ్లి, వెనక స్టెప్నీ మీద రెండు చేతులూ ఆనించి తోసింది. ఇద్దరూ కలిసి గేటు దాటించారు.

"ఇంక చాల్లే. ఇక్కణ్నుంచి నేను పోతాలేమ్మా," అన్నాడు ఆదికేశవులు, చెమట తుడుచుకుంటూ. ఇల్లు ఇంకా రెండు మైళ్లుంది.